నూరు ఆంపియర్-అవర్లు, ఆరు పొదుగుకోళ్ళు

తీర్థయాత్రకు వెళ్ళొచ్చినవాళ్ళు ప్రసాదం పంచుతారు. నేను రాయచూరు జిల్లాకు ఒక బ్యాటరీని మోసుకెళ్ళి వచ్చాను, కాబట్టి నా దగ్గర పంచడానికి కొన్ని లెక్కలున్నాయి. యాసిడ్ పడి చిల్లులు పడ్డ మంగళగిరి చీర కూడా ఉంది గానీ, అది ఎవరికి ఇచ్చినా తిట్టుకుంటారు.

వెళ్ళిన పని కోడిగుడ్లది. మా అన్నయ్య శక్తినగర్ థర్మల్ స్టేషన్లో పనిచేసి, రిటైరయ్యాక రాయచూరులోనే ఇల్లు కట్టుకున్నాడు. వాడి కూతురు శైలజ దేవదుర్గ తాలూకా జాలహళ్ళి ఊరి కోడలు. భర్త హట్టి బంగారు గనిలో షిఫ్టులు చేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు. శైలజ ఇంట్లో గుడ్లు పొదిగే మిషను పెట్టింది. మొదటి విడత గుడ్లు కరెంటు కోతల్లో చెడిపోయాయి. రెండో విడతకు ఊళ్ళో ఆడవాళ్ళే తమ ఇళ్ళలోని గుడ్లు తెచ్చి ఇచ్చారు. పిల్లలు లేస్తే సగం వాళ్ళకు, సగం శైలజకు. గుడ్డు పగిలి పిల్ల రావడానికి ఇరవై ఒక్క రోజులు కదా, సరిగ్గా ఇరవయ్యో రోజున తీగలు మార్చడానికి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కరెంటు తీసేస్తామని ఊళ్ళో చెప్పారట.

"అత్తా, ఇన్వర్టర్ ఉంది, బ్యాటరీ చచ్చిపోయింది. ఈసారి కూడా గుడ్లు పోతే నాకు ఊళ్ళో ఎవరూ ఒక్క గుడ్డివ్వరు" అంది శైలజ ఫోన్లో.

హైస్కూల్లో జీవితమంతా భౌతికశాస్త్రం చెప్పిన మేనత్త బతికుండగా బ్యాటరీకి బెంగా? నేనే కొంటాను, నేనే లెక్క కడతాను, నేనే తెస్తాను అన్నాను. మూడూ నేనే అనమని ఆ పిల్ల అడగలేదు.

వంతెన మీద నుంచి పొగగొట్టాలు

మా రేపల్లె నుంచి హైదరాబాదు చేరి, అక్కడ బస్సు మారి, మక్తల్ దాటి కృష్ణ వంతెన ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు ఒళ్ళు పరుచుకుని పడుకునే చోట పెరిగినదాన్ని నేను. ఇక్కడ నది బండరాళ్ళ మధ్య దారి వెతుక్కుంటూ పోతోంది. చిన్నప్పుడు చూసిన ముసలావిడను ఆవిడ పెళ్ళి ఫొటోలో చూసినట్టుంది. అవతలి ఒడ్డున పవర్ స్టేషన్ పొగగొట్టాలు నిలబడి ఉన్నాయి.

పక్క సీట్లో ఉన్నాయన వాటిని నాకు చూపించి, "దేశమంత కరెంటు గీడికెలి పోతది అమ్మా" అన్నాడు గర్వంగా. మరి జాలహళ్ళిలో రేపు కాక ఎల్లుండి కరెంటు తీసేస్తున్నారు కదా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "గది వేరే లైను" అన్నాడు.

రాయచూరు: కొన్న లెక్క

అన్నయ్య మోకాళ్ళ నొప్పులతోనే నన్ను బ్యాటరీల దుకాణానికి తీసుకెళ్ళాడు. దుకాణం ఆయన నాతో తెలుగులో, అన్నయ్యతో ఉర్దూలో, బ్యాటరీలు మోసే మనిషితో కన్నడంలో మాట్లాడుతున్నాడు. ఒక భాషలో మొదలుపెట్టిన వాక్యం ఇంకో భాషలో పూర్తయినా అక్కడ ఎవరూ తల తిప్పి చూడరు.

బ్యాటరీ మీద పన్నెండు వోల్టులు, నూరు ఆంపియర్-అవర్లు అని రాసుంది. చదువుకునే రోజుల్లో ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు కాబట్టి నేను చెబుతాను. ఆంపియర్-అవర్ అంటే ఒక ఆంపియరు కరెంటు ఒక గంట పారితే పోయేంత సరుకు. నూరు ఆంపియర్-అవర్లంటే పది ఆంపియర్ల చొప్పున పది గంటలు తీసుకోవచ్చు, అయిదు చొప్పునైతే ఇరవై గంటలు. దాన్ని వోల్టులతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. నూటిని పన్నెండుతో గుణిస్తే పన్నెండు వందలు. శైలజ మిషను మీద నూట ఇరవై వాట్లని ఉంది. పన్నెండు వందల్ని నూట ఇరవైతో భాగిస్తే పది గంటలు. కరెంటు పోయేది ఎనిమిది గంటలు. ఇంకా రెండు గంటలు మిగులు.

దుకాణం మధ్యలో నిలబడి ఈ లెక్కంతా గట్టిగా చెప్పాను. తరగతిలో అలవాటు.

అన్నయ్య మాత్రం, "రాసినంతా చేతికొస్తుందనుకోకు చెల్లాయ్. కొంచెం పెద్దది తీసుకో" అన్నాడు.

"నువ్వు మెగావాట్లు చూసిన కళ్ళతో దీన్ని చూస్తే చిన్నదిగానే కనిపిస్తుంది" అన్నాను. చిన్నప్పటి నుంచీ వాడు చెప్పింది నేను వినను, నేను చెప్పింది వాడు వినడు. ఆ పద్ధతి ఈ వయసులో మార్చుకోవడం దేనికని నూరుదే కొన్నాను.

దేవదుర్గ బస్సులో ఒక ప్రయాణికురాలు, ఒక సామాను

మర్నాడు పొద్దున బస్టాండు పక్క హోటల్లో ఒగ్గరణె, మిర్చి తిన్నాను. ఒగ్గరణె అంటే మరమరాలు తడిపి, నీళ్ళు పిండేసి, తాలింపు వేసేది. మా గుంటూరు వైపు మిరపకాయ బజ్జీ పక్కన ఉల్లిపాయ ఉంటే చాలనుకుంటాం. ఇక్కడ మిర్చి ఉంటే పొద్దుటి పలహారమే అయిపోతుంది. ప్లేటు ముప్పై రూపాయలు. పొద్దున్నే మిరపకాయ తినే మనుషులు ఇంత నెమ్మదిగా ఎలా మాట్లాడతారో నాకు అర్థం కాలేదు.

బ్యాటరీ నా బరువులో సగం పైనే ఉంటుంది. అన్నయ్య పిలిపించిన మనిషి దాన్ని బస్సు వెనక సీటు కింద పెట్టి వెళ్ళిపోయాడు. కండక్టరు వచ్చి, "ఏన్రీ అమ్మా ఇదు?" అన్నాడు. బ్యాటరీ అన్నాను. యాసిడ్ ఒలుకుతుందా అన్నాడు. ఒలకదని నేను హామీ ఇచ్చాను.

ఆ రాష్ట్రపు గుర్తింపు కార్డున్న ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు డబ్బుల్లేవు. బస్సులో దాదాపు అందరూ ఆడవాళ్ళే. పొరుగు రాష్ట్రపు ఆడదాన్ని కాబట్టి నాకు టికెట్టు, సామాను కాబట్టి బ్యాటరీకి టికెట్టు. బస్సంతా నా వైపు జాలిగా చూసింది. ఒకావిడ సంచిలోంచి వేయించిన పల్లీలు తీసి, టికెట్టు డబ్బులు పోయిన దుఃఖానికి ఓదార్పులాగా నా ఒళ్ళో పోసింది.

దారి పొడుగునా పత్తి చేలు, కంది చేలు. పత్తి ఏరేవాళ్ళు నడుములకు గుడ్డ సంచులు కట్టుకుని ఉన్నారు. ఒక పెద్ద గుంతలో బస్సు ఎగిరి పడింది. బ్యాటరీ కాస్త వంగింది. నేను పరుగున వెళ్ళి దాన్ని రెండు చేతులా పట్టుకుని, మిగతా దారంతా కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఒలకదని హామీ ఇచ్చాను కదా. దేవదుర్గలో దిగి చూసుకుంటే చీర కుచ్చిళ్ళలో చిల్లులు. చిల్లులు పడ్డ చీరతో ఊళ్ళో తిరగడం సిగ్గే గానీ, కండక్టరు చూడకముందే దిగిపోవడం ముఖ్యమనిపించింది.

దేవదుర్గ: అయిదు వేల ఫోను

దేవదుర్గ బస్టాండులో సగం మంది మూటలతో ఉన్నారు. బెంగుళూరు బస్సు కోసం. వాన మీద ఆధారపడ్డ పొలాల్లో పని తగ్గగానే తట్టా బుట్టా సర్దుకుని కట్టుబడి పనులకు పోతారట. మా వైపు నుంచి కూడా జనం పోతారు గానీ, ఇలా ఒక బస్టాండంతా మూటలు కట్టుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

జాలహళ్ళికి టంటం అనే పెద్ద ఆటో దొరికింది. అందులో నా పక్కన మల్లమ్మ అనే చిన్నావిడ కూర్చుంది. అప్పుడే భర్త హనుమంతును బెంగుళూరు బస్సెక్కించి వస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఫోనును పిడికిట్లో నొక్కి పట్టుకుంది.

"రేపు పొద్దుగూకినంక ఫోన్ చేస్తడు. చేరిన్నా లేదా అని చెప్తడు" అంది అడక్కుండానే. ఆ మాటే మళ్ళీ ఇంకోసారి కూడా చెప్పింది.

జాలహళ్ళిలో ఎవరింటికని అడిగితే చెప్పాను. ఆమె మొహం వెలిగింది. "శైలక్క అత్తవా? మా గుడ్లు గూడ అక్క మిషన్ల ఉన్నయ్. ఇంట్ల కోడి పెట్టినయ్ అన్ని ఇచ్చిన, ఒక్కటి వండుకోలే. కోళ్ళు నిలబడితే మా ఆయన వచ్చే ఏడు ఊర్లనే ఉంటనన్నడు."

ఆ మాట విన్నాక బ్యాటరీ ఇంకొంచెం బరువెక్కినట్టనిపించింది. ఆమెకు ధైర్యం చెబుదామని, దీని మీద నూరని రాసుంది చూడు, పది గంటలు వస్తుందన్నాను.

మల్లమ్మ బ్యాటరీని చూసింది. తన ఫోను వెనక చూసుకుంది. "నూరేనా? నా ఫోన్ మీద అయిదు వేలు ఉందమ్మా! గింత పెద్ద డబ్బ నూరు, గింత చిన్నది అయిదు వేలు. నా ఫోనే పెట్టి మిషను నడపరాదు?"

టంటం నడిపే అతను వెనక్కి తిరిగి నవ్వాడు. నేను నవ్వలేదు. ముప్పై ఏళ్ళలో ఏ పిల్లా నన్నడగని మంచి ప్రశ్న అది. ఫోను మీద ఉన్నది మిల్లీ ఆంపియర్-అవర్లు, వెయ్యి మిల్లీలు కలిస్తే ఒకటి. కాబట్టి అయిదు వేలంటే అయిదే. పైగా ఆ అయిదూ నాలుగు వోల్టులకు కొంచెం తక్కువలో, నా నూరు పన్నెండు వోల్టుల దగ్గర. అందుకే అంకెల్ని అంకెలతో పోల్చకూడదు, రెంటినీ వాట్-అవర్లలోకి మార్చి చూడాలి. అలా చూస్తే ఫోనులో ఉన్నది పద్దెనిమిది, బ్యాటరీలో పన్నెండు వందలు.

"అంటే నా ఫోనసొంటివి అరవై పైన అండ్ల పడతయ్" అంది మల్లమ్మ. లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్కే మర్నాడు మా కొంప ముంచుతుందని అప్పుడు తెలీదు.

జాలహళ్ళి: రొట్టెలు, బెదిరింపులు

శైలజ అత్తగారు ఎల్లమ్మ గడపలోనే ఎదురొచ్చింది. బ్యాటరీని చూసి, "ఏంది వదినె, గింత బరువుది గిట్ల మోసుకొస్తివి? చీరేందిట్ల చిల్లులు పడ్డది?" అంది. చీర మాట దాటేసి కాళ్ళు కడుక్కున్నాను.

రాత్రి భోజనం జొన్నరొట్టె, పల్లీల కారప్పొడి, పుండికూర. పుండికూర మన గోంగూరే. మనం నూనెలో ముంచి ఎర్రటి పచ్చడి చేస్తే, వాళ్ళు జొన్న నూకతో మెత్తగా ఉడికించి రొట్టెలోకి తింటారు. బావుందని ఒప్పుకోవడం గుంటూరు జిల్లా మనిషికి అంత తేలిక కాదు. మూడు రొట్టెలు తిన్నాక ఒప్పుకున్నాను.

మిషను మధ్య గదిలో ఉంది. థర్మాకోలు పొదిగిన పెద్ద పెట్టె, ముందు అద్దం, లోపల వంద పైచిలుకు గుడ్లు. గుడ్ల మీద ఇచ్చినవాళ్ళ గుర్తులు బొగ్గుతో వేసి ఉన్నాయి. ఎల్లమ్మ దాన్ని మిషను అనదు, డబ్బా అంటుంది. "పోయినసారి గుడ్లన్ని ఖరాబైనయ్. గీసారి గూడ ఖరాబైతే గా డబ్బల జొన్నలు పోస్త. మస్తు పడతయ్ అండ్ల" అంది కోడలికి వినిపించేలా.

శైలజ నా చెవిలో, "అన్నంత పనీ చేస్తుందత్తా. జొన్నల సంచి ఇప్పటికే ఆ పక్కన పెట్టింది చూడు" అంది. నిజమే, సంచి అక్కడే ఉంది.

నేను బ్యాటరీని ఇన్వర్టరుకు తగిలించి, రాత్రంతా చార్జింగుకు పెట్టి, పదిగంటల లెక్క ఇంకోసారి అందరికీ చెప్పి పడుకున్నాను.

కరెంటు లేని పగలు

తొమ్మిదికి చెప్పినట్టే కరెంటు పోయింది. తీసేయడం ఎక్కడైనా సమయానికే జరుగుతుంది. ఇన్వర్టరు టక్కుమంది, మిషను లోపలి దీపం వెలుగుతూనే ఉంది. శైలజ నన్ను కౌగిలించుకుంది. ఎల్లమ్మ వీధిలోకి వెళ్ళి, "మా ఇంట్ల కరెంటుంది, ఫోన్లు గిట్ల ఉంటె తెచ్చి పెట్టుకోండ్రి" అని గట్టిగా చెప్పొచ్చింది.

ఆ ఊళ్ళో ఫోను చార్జింగు మంచినీళ్ళతో సమానం. ఎవరింట్లో అడిగినా కాదనరు. మగవాళ్ళు బెంగుళూరులోనో పుణేలోనో ఉంటే, ఇంట్లో ఆడవాళ్ళకు ఆ ఫోనే మొగుడూ కొడుకూ. మా ఊళ్ళో పక్కింటివాళ్ళు చార్జరు అడిగితే, ఏ పిన్ను అని అడిగి మా దగ్గర లేదంటాం. ఇక్కడ కాసేపటికే గోడ పక్క బోర్డు నిండా తీగలు, కింద చాప మీద వరసగా ఏడెనిమిది ఫోన్లు. మల్లమ్మది చివర్లో వచ్చింది. చోటు లేక, ఎవరిదో నిండేదాకా ఆగింది.

నేను వద్దనలేదు. ఒక్కో ఫోనులో పద్దెనిమిదే కదా, అరవై పైన పడతాయని టంటంలో తేల్చాం కదా అని నా ధీమా. పైగా వచ్చినవాళ్ళందరికీ మిషను తలుపు తీసి, ఇదిగో మీ గుడ్లు, ఇదిగో వేడి కొలిచే గొట్టం అని పాఠం చెప్పే పనిలో ఉన్నాను. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి లోపలికి పోయేది. ఆగి ఆగి వెలగాల్సిన వేడి తీగ ఆగడమే మానేసింది.

మధ్యాహ్నం రొట్టెలు కాలుస్తుండగా ఇన్వర్టరు కీ, కీ మని మొదలుపెట్టింది.

"అత్తా, పది గంటలన్నావు" అంది శైలజ. కోపంగా అనలేదు. అంటే బావుండేది.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని తప్పెక్కడో తేల్చుకున్నాను. చివర్లో చెబితే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మొదటిది, బ్యాటరీ మీది నూరు ఇరవై గంటలకు కొలిచిన నూరు. అంటే అయిదు ఆంపియర్ల చొప్పున నిదానంగా తీస్తేనే నూరు. పది చొప్పున లాగితే ఎనభై అయిదో ఎంతో ఇచ్చి ఊరుకుంటుంది. ఆ ఇరవై గంటల సంగతి దాని మీదే, నూరు పక్కనే చిన్న అక్షరాల్లో రాసుంది. రెండోది, ఇన్వర్టరు తన వాటా తాను తింటుంది, ఆరో వంతు దాకా. మూడోది, బ్యాటరీని అడుగంటా ఊడ్చకూడదు, అలా చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకే అయిదో వంతు ఉండగానే ఇన్వర్టరు ఆపేస్తుంది. ఇవన్నీ తీసేస్తే పన్నెండు వందలు కాస్తా ఏడు వందల్లోపు. మిషనుకు అయిదున్నర గంటలు. కొత్త బ్యాటరీ ఒక్క రాత్రి చార్జింగుతో పూర్తిగా నిండదు, అది నాలుగోది. ఇక ఫోన్లు. ఒక్కోటీ తాగేది కొంచెమే, కానీ ఎనిమిదీ ఒకేసారి పది పది వాట్లు లాగితే ఎనభై. అంటే ఇంట్లో ఇంకో మూడింట రెండొంతుల మిషను నడుస్తున్నట్టే. అన్నయ్య మాట విని పెద్దది కొనుంటే ఈ పేరా అవసరమే ఉండేది కాదు.

సరే, బస్సులో తెలిసింది ఇంట్లో తెలీదు. బోర్డు దగ్గర శైలజ నిలబడి ఉంది. ఫోన్లు పీకాలి. ఆ ఊరి కోడలు కాబట్టి ఎవరి ఫోనూ పీకలేక చేతులు నలుపుకుంటోంది. అప్పుడు మల్లమ్మ లేచి వచ్చింది. ఆమె ఫోను అప్పుడే తగిలించింది. తానే పీకేసింది.

"గుడ్లు అండ్ల నాయి గూడ ఉన్నయ్ అక్కా" అంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ తమవి తీసేసుకున్నారు. ఇంకాసేపటికి ఇన్వర్టరు మూగబోయింది. లోపలి దీపం ఆరింది.

ఆరు కోళ్ళు

శైలజ లైన్‌మనుకు ఫోన్ చేసింది. "కంబం మీదున్న అమ్మా, అయిదింటికి ఇస్తం" అని కరెంటు స్తంభం మీది నుంచే చెప్పి పెట్టేశాడు. పొదిగే గుడ్డుకు ఆఖరి రోజుల్లో లోపల పిల్ల ఒంటివేడి కొంత ఉంటుంది, కొన్ని గంటలు తట్టుకోవచ్చన్నాను. ఎన్ని గంటలని శైలజ అడిగింది. ఆ రోజుకు నా అంచనాలు చాలనుకున్నాను.

ఎల్లమ్మ మాత్రం జొన్నల సంచి వైపు పోలేదు. కొంగు బిగించింది. "ఎవలింట్ల కోడి పొదుగు మీద కూసుందో తీస్కరాండ్రి" అంది.

అప్పుడు జరిగింది చూసి నాకు నవ్వాగలేదు. మా బ్యాటరీని తాగి నిండిన ఫోన్లన్నీ ఒక్కసారిగా చెవులకెక్కాయి. "అక్కా, నీ నల్లకోడి కూసుందా? గంపల పెట్టి అంపు, జల్ది" అని ఒకావిడ, కన్నడంలో ఇంకొకావిడ, ఉర్దూలో మరొకావిడ. ఊరి ఆ చివరి నుంచి కూడా గంపలొచ్చాయి. గంపల కింద ఆరు కోళ్ళు, ఆరూ మహా చిరాకుగా.

గంపల్లో గడ్డి వేసి, గుడ్లు సర్దడం మొదలైంది. ఒక పెద్ద కోడిని చూసి, దీని కింద పదిహేను పడతాయి కదా అన్నాను.

"చూపుకు పదిహేను వదినె. చలికాలం పదే పెట్టాలె, అంచుల గుడ్లు సల్లవడ్తయ్. ముసలిదైతే ఎనిమిది" అంది ఎల్లమ్మ.

నేను అక్కడే కూలబడి పడీపడీ నవ్వాను. కోడి మీద పదిహేనని రాసుంటుంది, చేతికి పదే వస్తుంది. చలికి తగ్గుతుంది, వయసుకు తగ్గుతుంది. ఎల్లమ్మకు నా నవ్వు అర్థం కాలేదు. పిచ్చిదనుకుని, పట్టుకో అని ఒక కోడిని నా చేతికిచ్చింది. అది నా మణికట్టు మీద గట్టిగా పొడిచింది. ఎల్లమ్మ లెక్క కూడా పూర్తిగా నిలబడలేదు. తెచ్చినవాటిలో అన్నిటికన్నా నమ్మకమైందని ఆమె చెప్పిన కోడి గుడ్లను చూసి, లేచి, గుమ్మం దాటి పారిపోయింది. దాన్ని పట్టి తేవడానికి వీధంతా పరుగెత్తాల్సొచ్చింది.

మిగిలిన గుడ్లను పెట్టెలోనే ఉంచి, గోరువెచ్చని నీళ్ళ సీసాలు లోపల అమర్చి, పెట్టె మీద కంబళి కప్పాం. సీసాలు చల్లబడితే మార్చడం నా పని. మధ్య గదిలో ఆరు కోళ్ళు, పది మంది ఆడవాళ్ళు. అందరూ గుసగుసల్లోనే మాట్లాడుతున్నారు. గుడ్డు గట్టిగా కదిలినా, కోడి బెదిరినా అంతే. ఎవరూ ఇళ్ళకు పోలేదు.

పొద్దుగూకినంక

అయిదైంది, కరెంటు రాలేదు. శైలజ మళ్ళీ ఫోన్ చేస్తే, "ఇంకొక్క కంబమే అమ్మా" అన్నాడు లైన్‌మను. ఎల్లమ్మ దీపం పెట్టింది. నేను సీసాలు మారుస్తూ పెట్టెలో చెయ్యి పెట్టి గుడ్లను తాకి చూశాను. గోరువెచ్చగానే ఉన్నాయి. కానీ గుడ్డు వెచ్చగా ఉంటే లోపల ప్రాణం ఉన్నట్టు కాదు కదా. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. శైలజ మొహం చూడలేకపోయాను. ఊరుకాని ఊరొచ్చి, దాని సంసారంలో వేలు పెట్టి, పది గంటలని హామీ ఇచ్చింది నేను.

మల్లమ్మ తన కోడి పక్కనే గోడకానుకుని కూర్చుంది. ఉన్నట్టుండి ఆమె పిడికిట్లో ఫోను వెలిగింది. బెంగుళూరు నుంచి హనుమంతు.

ఆమె ఫోను ఎత్తబోతూ తెర వైపు చూసి నా వైపు తిరిగింది. రెండు శాతం.

"టీచరమ్మా, గిది ఎంతసేపొస్తది?"

అయిదు వేల ఫోను, రెండు శాతం, మాట్లాడితే ఎంత, స్పీకరు పెడితే ఎంత. అలవాటు కొద్దీ లెక్క నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"నాకు తెలీదమ్మా. ముందు మాట్లాడు" అన్నాను.

ఆమె స్పీకరు పెట్టింది. చేరానని, పని దొరికిందని అతను చెప్పాడు. వెనక ఎవరివో మాటలు, గిన్నెల చప్పుడు. తర్వాత, "గుడ్లెట్లున్నయే?" అన్నాడు.

మల్లమ్మ మా అందరి మొహాలూ చూసింది. తర్వాత నెమ్మదిగా కోడి రెక్క కిందికి చెయ్యి పోనిచ్చి, ఒక గుడ్డు తీసింది. బొగ్గు గుర్తు తనదే. గుడ్డు మీద సన్నటి బీట ఉంది. దాన్ని ఫోనుకు ఆనించి పట్టుకుంది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత పెంకు లోపల్నించి, ఎంత చిన్నగానో, కీచుమని ఒక గొంతు. మళ్ళీ ఇంకోసారి, ఈసారి కోపంగా.

శైలజ నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ఎల్లమ్మ లేచి వెళ్ళి జొన్నల సంచిని వంటింట్లోకి ఈడ్చుకుపోయింది.

"గదేంది? గదేనా?" అన్నాడు హనుమంతు.

"ఆ, గదే. ఇంక బయటికి రాలే. లోపల్నించే మాట్లాడుతున్నది."

అవతల అతను ఎవరినో పిలిచాడు. "ఇల్లి కేళ్రో, నమ్మ కోళి మరి" అని. ఇక్కడ వినండిరా, మన కోడిపిల్ల అని. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చెప్పుల అడుగులు దగ్గరికొచ్చాయి. ఆ మనుషులంతా మూటలతో దేవదుర్గ బస్టాండులో నేను చూసినవాళ్ళే అయ్యుంటారు.

తెర మీద ఒక శాతమైంది. మల్లమ్మ గుడ్డును కదల్చలేదు. కోడి ఆమె చేతిని పొడుస్తూనే ఉంది. ఆ ఒక్క శాతం ఎంతసేపొచ్చిందో, అవతల ఎంతమంది చెవులు ఆనించి విన్నారో నేను లెక్కపెట్టలేదు.